గోడకు అంటించిన ప్రశ్న

2021 మే. ఢిల్లీలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం రాత్రింబవళ్లు క్యూ కట్టిన రోజులు. శ్మశానాలు చాలక పార్కింగ్ స్థలాల్లో చితులు పేర్చారు. అప్పుడే నగరంలో గోడల మీద ఓ పోస్టర్ వెలిసింది. మా పిల్లల వ్యాక్సిన్లు విదేశాలకెందుకు పంపారని ప్రధాని మోదీని అడగడం తప్ప అందులో మరేమీ లేదు. ఢిల్లీ పోలీసులు ఇరవైకి పైగా కేసులు పెట్టి, ఇంచుమించు అంతమందినీ అరెస్టు చేశారు. వేయించింది మేమేనని ఆమ్ ఆద్మీ పార్టీ ఆ తర్వాత చెప్పుకుంది. దొరికిపోయిన వాళ్లలో మాత్రం డబ్బులిస్తే అంటించిపోయే కూలీలు, ఈ-రిక్షా తోలుకునేవాళ్లు ఉన్నారు.

ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనదని నేననను. అప్పటికి దేశంలో పిల్లలకు కరోనా టీకా వేసేందుకు అనుమతే లేదు. బయటికెళ్లిన ఆరు కోట్లకు పైగా డోసుల్లో మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవి కోటికి కాస్త ఎక్కువ. మిగతావి కంపెనీల వ్యాపార ఒప్పందాల కింద, కొవాక్స్ అనే అంతర్జాతీయ టీకా పంపిణీ పథకం వాటా కింద పోయాయి. ఈ లెక్కలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. పక్కనే ఇంకో పోస్టర్ వేసి చెప్పినా సరిపోయేది.

ధర్నాలు, ఊరేగింపులు, సభలు అన్నింటినీ మహమ్మారి మూసేసింది. సకారణంగానే మూసేసింది. ఇక గుంపు చేరకుండా మాట్లాడగలిగే చోటు గోడ ఒక్కటే. రాత్రిపూట ఒకడొచ్చి మైదా జిగురుతో అంటించిపోతాడు, తెల్లారాక ఎవరి దారిన వాళ్లు చదువుకుంటూ పోతారు. భౌతిక దూరం పాటించే నిరసన ఇంతకు మించి ఏముంటుంది?

అయినా వైరస్ పేరు చెప్పి గోడల జోలికి పోవడం అంతకు ముందు ఏడాదే మొదలైంది. 2020 మార్చి 24న పౌరసత్వ సవరణ చట్ట వ్యతిరేకుల షాహీన్‌బాగ్ శిబిరాన్ని పోలీసులు ఖాళీ చేయించారు. జనం దగ్గరదగ్గరగా కూర్చునే చోటు కాబట్టి ఆ పనిని తప్పుపట్టలేం. కానీ ఆ రోజుల్లోనే జామియా మిలియా విశ్వవిద్యాలయం గోడల మీద విద్యార్థులు వేసిన ఆ చట్ట వ్యతిరేక చిత్రాలకూ తెల్లరంగు కొట్టేశారు. బొమ్మలకు దగ్గూ తుమ్మూ రావు కదా!

ఢిల్లీ పోస్టర్ల మీద ప్రయోగించిన వాటిలో 2007 నాటి చట్టం ఒకటి. బహిరంగ స్థలాల్లో గోడలు పాడుచేస్తే ఏడాది దాకా జైలు, లేదా యాభై వేల దాకా జరిమానా. మనకూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే అలాంటి చట్టం వచ్చింది. నాయకుడి పుట్టినరోజుకు సెంటర్లన్నీ ఫ్లెక్సీలతో నిండిపోతే ఆ చట్టం ఎంత చురుగ్గా పనిచేస్తుందో మనందరికీ తెలుసు. టీకా సర్టిఫికెట్ మీద ప్రధాని ఫొటో ఉండొచ్చు. టీకా గురించి ప్రధానిని అడిగే కాగితం గోడ మీద ఉండకూడదు. అంటే అభ్యంతరం జిగురుతో కాదు, రాతతో.

ఇంకోలా జరిగిన చోటూ ఉంది. 2021 మార్చి 29న లండన్‌లో, కొవిడ్‌తో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు సెయింట్ థామస్ ఆసుపత్రి ముందు, థేమ్స్ ఒడ్డు గోడ మీద ఎర్రటి హృదయాలు గీయడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కోటి చొప్పున లక్షా యాభై వేల దాకా గీశారు. నదికి అవతలి గట్టున పార్లమెంటు. ఆ చోటును ఊరికే ఎంచుకోలేదు. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ కరోనాతో చావు అంచుదాకా వెళ్లి బతికి బయటపడింది ఈ ఆసుపత్రిలోనే. ముందస్తు అనుమతి లేకుండా మొదలైన పని అది. అక్కడ మాత్రం ఎవరినీ జైల్లో పెట్టలేదు, సున్నం కొట్టలేదు. ఏప్రిల్ చివర్లో జాన్సన్ కూడా వచ్చి చూశారు. పొద్దుపోయాక, తమకు చెప్పకుండా వచ్చి వెళ్లారని ఆ కుటుంబాలు మండిపడ్డాయనుకోండి. రంగు వెలిసినప్పుడల్లా వలంటీర్లు మళ్లీ దిద్దుతున్నారు.

లండన్ పాలకులు మనవాళ్లకన్నా మంచివాళ్లని కాదు. హృదయం బొమ్మను తుడిచేయడం ఏ ప్రభుత్వానికైనా పరువుతక్కువ. సూటిగా అడిగిన ప్రశ్నను తుడిచేయడం తేలిక. అందుకే ఆ ప్రశ్న రాసినవాడికే ఎక్కువ రక్షణ కావాలి. ఢిల్లీ కేసులు కొట్టేయాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. సంబంధం లేని మూడో వ్యక్తి అడిగితే ఎఫ్ఐఆర్‌లు కొట్టేయలేమని 2021 జులైలో కోర్టు చెప్పింది. న్యాయశాస్త్రం ప్రకారం అది సబబే కావొచ్చు. కానీ కూలికి పోస్టర్ అంటించినవాడు తన కేసు కొట్టేయించుకోవాలంటే, లాయరును పెట్టుకుని తానే హైకోర్టు మెట్లెక్కాలి.