భైరవి అసూయలో తప్పేముంది?

సంపాదక మహాశయా,

కె. బాలచందర్ గారి ‘సింధుభైరవి’ మీద మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. ఇళయరాజా సంగీతం గురించి, చిత్ర గొంతు గురించి, సుహాసిని నటన గురించి రాసినదంతా నాకు సమ్మతమే. 1985 నాటి ఆ తమిళ చిత్రానికి ఆ ముగ్గురూ జాతీయ పురస్కారాలు అందుకున్నారు, అందుకు అన్ని విధాలా అర్హులు. నా అభ్యంతరమల్లా భైరవి గురించి రాసిన నాలుగు వాక్యాల మీదే. మొదట అసూయతో రగిలిపోయిన ఇల్లాలు చివరికి భర్త రెండో పెళ్లికి ఒప్పుకుని మనసు పెద్దది చేసుకుందట. ఈ మెప్పు నాకు మింగుడుపడలేదు.

భైరవి లేనిపోనిది ఊహించుకుని కుమిలిపోలేదు. భర్త జె.కె.బి. పేరుమోసిన విద్వాంసుడు. ఆమెకు రాగతాళాలు తెలియవు, పిల్లలు లేరు. నిండు సభలో ఆయన్ని నిలదీసి, జనానికి అర్థమయ్యే తమిళంలో ఎందుకు పాడరని అడిగిన సింధుకు ఆయన మనసులో చోటు దొరికింది. ఆమె జానపదంతో ఎత్తుకుని త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’లోకి ప్రవేశించే ఘట్టం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. (కాంభోజిలో వినడానికి అలవాటుపడిన కీర్తనను ఇళయరాజా సారమతిలోకి మార్చారు.) కానీ ఆ చనువు పాట దగ్గర ఆగలేదు. కట్టుకున్నవాడు మరో స్త్రీతో సంబంధం పెట్టుకుంటే భార్య ఏడవకూడదా? అరవకూడదా? సంగీతం రాకపోవడం అంత నేరమా, కాపురంలో తన చోటు వదులుకోవడానికి!

ఇదే బాలచందర్ గారు 1977లో ‘అవర్గళ్’ తీశారు. మన దగ్గర ‘ఇది కథ కాదు’గా వచ్చింది. అందులో భర్తది అసూయ. పెళ్లికి ముందు భార్య ఇంకొకరిని ప్రేమించిందని ఆమెను చిత్రవధ చేస్తాడు. తమిళంలో రజనీకాంత్, తెలుగులో చిరంజీవి ఆ పాత్రను ఒళ్లు జలదరించేలా పోషించారు. ఆ భర్త మనసు పెద్దది చేసుకుని భార్యను పాత ప్రియుడికి అప్పగించాలని దర్శకుడు అడగలేదు, ప్రేక్షకులూ అడగలేదు. ఆమె విడాకులు తీసుకుని బయటపడితే అందరం హర్షించాం. ఎప్పుడో ముగిసిపోయిన దాన్ని తవ్వి హింసించిన మగవాడు అలా ఉంటే, కళ్లెదుటే జరుగుతున్న దానికి తల్లడిల్లిన ఆడదాన్ని మాత్రం త్యాగమూర్తి అయ్యేదాకా మనం వదలలేదు.

భైరవి ఎందుకు ఒప్పుకుందో కూడా చూడాలి. సింధు దూరమయ్యాక జె.కె.బి. తాగుడుకు బానిసై, పాట పోగొట్టుకుని, పరువు పోగొట్టుకుని తిరిగాడు. ఆయన మళ్లీ మనిషి కావాలంటే సింధు రావాలి. ఆ స్థితిలో భార్య ‘సరే’ అనడాన్ని ఇష్టం అనగలమా? దిక్కుతోచక తలవంచింది, అంతే. పైగా ఆ ఒప్పుదలకు చట్టంలో విలువే లేదు. మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందువుల్లో రెండో పెళ్లిని నిషేధించింది. 1955 హిందూ వివాహ చట్టం దేశమంతటా అదే చేసింది. మొదటి భార్య బతికుండగా జరిగే పెళ్లి చెల్లదు, ఆమె అక్షింతలు వేసి దీవించినా సరే. ఆ పెళ్లే జరిగివుంటే సింధుకు భార్యగా ఏ హక్కూ దక్కేది కాదు.

సింధు ఆ పెళ్లి చేసుకోలేదు. కన్నబిడ్డను ఆ దంపతులకు అప్పగించి వెళ్లిపోయింది. ఆమెను నేను ఎన్నడూ దుష్టురాలిగా చూడలేదు. బిడ్డను వదులుకున్నది ఆమె, మనసు చంపుకున్నది భైరవి. జె.కె.బి.కి మాత్రం కచేరీ తిరిగొచ్చింది, ఇల్లు నిలిచింది, ఒడిలోకి బిడ్డ వచ్చింది. మీ వ్యాసం ఆయన పతనం గురించి, పునర్జన్మ గురించి రెండు పేరాలు రాసింది. ఆయన చేసిన తప్పు గురించి ఒక్క వాక్యం లేదు.

మరో సంగతి. భైరవిగా నటించిన సులక్షణ మనకు కొత్త కాదు, కె. విశ్వనాథ్ గారి ‘శుభోదయం’ నాయిక. పాటలన్నీ సింధుకీ, జె.కె.బి.కీ వెళ్లిపోయిన సినిమాలో, చప్పట్లు పడే సన్నివేశాలు పెద్దగా లేని పాత్రను ఆమె అంత నిజంగా నిలబెట్టారు. మీ వ్యాసంలో ఆమె పేరు నటీనటుల జాబితాలో తప్ప కనబడలేదు. రాబోయే సంచికల్లో ఆమె నటన మీద ఒక మంచి వ్యాసం వేయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి