ప్రహరీ పక్క సందులో ఏ మొక్క?

‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్నది మన సామెత. చేతికందే వస్తువుపై మనకుండే చులకన భావాన్ని ఎత్తిపొడిచే మాట అది. అయితే ఇంటి పక్క ఇరుకు సందు విషయంలో మనం అంతకన్న పెద్ద పొరపాటే చేస్తున్నాము. మందు మాట అటుంచి, విషాన్ని తెచ్చి నాటుకుంటున్నాము. ఇతరులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ పని చేసినవారిలో నేనూ ఒకడను.

రుద్రూరులో మా ఇంటికీ ప్రహరీ గోడకూ మధ్య మూడడుగుల సందు ఉన్నది. నీరు అంతగా పోయనక్కరలేదు, మేకలు ముట్టవు, పూలకు కొదువ ఉండదు అన్న ఆశతో అక్కడ వరుసగా గన్నేరు నాటాను. ఒకనాడు మా మనుమరాలు బొమ్మల వంటకు ఆ ఆకులే కోసి, ఒకటి నోటి దాకా తీసుకువెళ్లింది. నాయనమ్మ సమయానికి చూచింది గనుక ఆపద తప్పింది. మేకలు దానినెందుకు ముట్టవో ఆనాడు గాని నేను ఆలోచించలేదు.

గన్నేరును ఆయుర్వేదం ‘కరవీరం’ అన్న పేరుతో ఉపవిషాలలో చేర్చింది. దాని ఆకు, పువ్వు, వేరు, గింజ అన్నిటిలోనూ గుండె లయను దెబ్బతీసే పదార్థాలున్నవి. పచ్చగన్నేరూ అటువంటిదే. కేరళలోని తిరువాన్కూరు దేవస్వం బోర్డు 2024 మే నెలలో నైవేద్య ప్రసాదాలలో గన్నేరు పూల వాడకాన్ని మాన్పించింది. గుడి ప్రసాదానికే వద్దనుకున్నదానికి పసిపిల్లలు ఆడుకునే సందులో చోటెందుకు? పొరపాటున ఎవరైనా నమిలితే, ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పెరికిన కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు. వాటి పొగ కూడా హానికరమే.

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకున్నవారికి మరొక చిక్కున్నది. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. నిజాంసాగర్ కాలువల కింద వరి, చెరకు పండించిన మనకు నీరు ధారాళంగా పెట్టడం అలవాటు. పైరుకు మేలు చేసే ఆ అలవాటు ఇంటి పునాదికి కీడు చేస్తుంది. కనుక గోడ వారన రోజూ నీరు కోరే మొక్క తగదు. రావి, మర్రి, మేడి మొలకలు కనిపించిన నాడే పెరికివేయాలి.

ఈ రెండు సంగతులూ చూచుకొని నేను మూడు మొక్కలను ఎంచుకున్నాను. మొదటిది అడ్డసరం. దీనినీ పశువులు ముట్టవు, కాని కారణం చేదు. ఏడాదికొకసారి కత్తిరిస్తే కంచెవలె గుబురుగా పెరుగుతుంది. దగ్గు, కఫాలకు ‘వాసా’ అన్న పేరుతో ప్రసిద్ధి. ఇప్పటి దగ్గు మందులలో ఒకటైన బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం ఈ ఆకులోని వాసిసిన్ అన్న పదార్థమే. గర్భిణులు మాత్రం దీనిని వాడరాదు. రెండవది తిప్పతీగ. జానెడు ముక్క గుచ్చితే చాలు, గోడకు కట్టిన తీగను పట్టుకొని పైకి పాకుతుంది. దీనిని పోలిన మరొక జాతి ఉన్నందున, రెంటినీ వేరుపరచి గుర్తించాలని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది. తెలిసినవారి వద్ద ముక్క తెచ్చుకొనడం మేలు. వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి సేవించరాదు. మూడవది కలబంద. రేగడిలో వానకాలం కుళ్లుతుంది గనుక ఇసుక కలిపిన మట్టితో ఎత్తైన మడి కట్టి నాటాలి. కోసిన మట్ట నుండి కారే పసుపు రసం తీవ్ర విరేచనకారి. దానిని పూర్తిగా కార్చివేసిన పిమ్మటే లోపలి గుజ్జు తీయాలి.

శ్రమ కోరని మొక్కను ఎంచుకొనడమంటే నాటి మరచిపోవడం కాదని నా అభిప్రాయం. నీరు తక్కువైనా, ఎరువు లేకున్నా అవి బ్రతుకుతాయి. వాటి పేరు, గుణం, దోషం మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. ఇప్పుడు మా మనుమరాలికి ఆ మూడు పేర్లూ వచ్చు. పెద్దలకు చెప్పకుండా ఏ ఆకూ నోట పెట్టరాదన్న సంగతి కూడా తెలుసు.