రక్తం పడితే మొలలేనా?

నల్లగొండ బస్టాండు చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ న్యూటౌన్ దిక్కు, దేవరకొండలో, కల్వకుర్తిలో ఎక్కడ చూసినా గోడల మీద ఒకటే రాత: పైల్స్, ఫిషర్, ఫిస్టులాకు ఆపరేషన్ లేకుండా చికిత్స. ఆ రాత చూసి లోపలికి పోయేవాళ్లలో ఎక్కువ మందికి ఉండేవి నిజంగా మొలలే. ఈ వారం రాస్తున్నది మిగిలిన కొద్దిమంది గురించి. వాళ్లకు పెద్దపేగులోనో, దాని చివరనుండే పురీషనాళంలోనో క్యాన్సర్ గడ్డ పెరుగుతుంటుంది. వాళ్లూ మొలల మందే వాడతారు. అట్లా నెలలు గడిచిపోతాయి.

పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఈ క్యాన్సర్ మన దగ్గర తక్కువే. కానీ చిన్న వయసు వాళ్లకు వస్తున్నది. అందులోనూ పురీషనాళంలో వచ్చేవి చాలా. అక్కడి గడ్డ చాలాసార్లు డాక్టరు గ్లౌజు తొడుక్కుని వేలితో చూస్తే తగిలేంత దగ్గర్లోనే ఉంటుంది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆ పరీక్షే జరగడం లేదు. రోగికి సిగ్గు. ఆడవాళ్లయితే ఇంట్లో కూడా చెప్పుకోరు. వైద్యుడి ముందు ఇంకా నలభై మంది వరుసలో ఉంటారు, గదిలో తెర ఉండదు. మలాము రాసిచ్చి పంపేస్తారు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: లోపల చూడకుండా మొలలని రాసిన చీటీతో ఇంటికి రావద్దు. ఒకసారి చూడండి సారూ అని అడగండి. అది మీ హక్కు.

అచ్చంపేట దిక్కు మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. పుణెలో, ముంబైలో కట్టడం పనుల మీద ఏళ్లు గడిపినవాడు. “ఎండల పని, కారం తిండి, మొలలు రాక ఏమైతయి సారూ అనుకున్న” అన్నాడు. ఆయన ప్లాస్టిక్ కవరు తెరిచి చూశాను. రక్తం పెరిగే గోలీల చీటీలు, పొట్ట స్కానింగులు, మలాముల బిల్లులు. ఒక్క కాగితం మీద కూడా లోపల పరీక్ష చేసినట్టు లేదు. హైదరాబాద్ పోయేసరికి గడ్డ పక్కనున్న లింఫు గ్రంథులకు పాకింది.

మలంలో రక్తం ఒక్కటే గుర్తు కాదు. మూడు నాలుగు వారాలైనా విరేచనాల తీరు కుదుటపడకపోవడం, పోయి వచ్చినా ఇంకా మిగిలినట్టే అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా గుర్తులే. పెద్దపేగు కుడి భాగంలో గడ్డ ఉంటే కంటికి రక్తమే కనిపించకపోవచ్చు. ఒంట్లో రక్తం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ పీడిత మండలాల్లో కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు రక్తం తగ్గితే నింద గోలీల మీద వేసి ఊరుకోవడం తేలిక. నడివయసు దాటిన మగమనిషికి ఇనుము లోపంతో రక్తహీనత వస్తే ఆ రక్తం ఎటు పోతున్నదో వెతకాల్సిందే.

వెతికే పరీక్ష కొలనోస్కోపీ. ముందురోజు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగి పేగు కడుక్కోవాలి. నిజానికి కష్టమంతా అక్కడే. మరునాడు మత్తిచ్చి సన్నని గొట్టంతో చూస్తారు, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీస్తారు. ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి గోడకు పులిపిరిలా మొలిచే పాలిప్‌గా మొదలై, ముదరడానికి పదేళ్ల దాకా తీసుకుంటుంది. ఆ దశలో కనిపిస్తే గొట్టంలోంచే కోసేస్తారు, జబ్బు రాకముందే ఆగిపోతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చిందంటే నలభై ఏళ్లకే, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్లు ముందే, ఏది ముందైతే అప్పుడు ఈ పరీక్ష చేయించుకోవాలి. సీఈఏ అనే రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. అది చికిత్స తర్వాత జబ్బు తిరగబెడుతుందేమో గమనించడానికి పనికొస్తుంది, జబ్బు లేదని తేల్చడానికి కాదు.

ఇక చికిత్స. ఈ క్యాన్సర్‌కు వాడే మందుల్లో పాతది ఫైవ్-ఎఫ్‌యూ, 1957 నాటిది. దానికి బలం చేకూర్చడానికి తోడుగా ఇచ్చే ల్యూకోవోరిన్, మన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తయారుచేసిన ఫోలిక్ ఆసిడ్ కుటుంబానిదే. వీటికి తర్వాత ఆక్సాలిప్లాటిన్ తోడైంది. మేస్త్రీ ఆ ఇంజెక్షన్ ఎక్కించుకున్న వారమంతా కుండలో చెంబు ముంచలేకపోయాడు. చల్లటి నీళ్లు తగిలితే వేళ్లలో కరెంటు పారినట్టుండేదట. కొందరిలో ఆ తిమ్మిరి ఏళ్లకేళ్లు పోదు. తాపీ పట్టుకునే చేతికి, పత్తి తీసే చేతికి అది బతుకుదెరువు సమస్య. అందుకే 2018లో వెలువడిన ఒక ఫలితం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. పన్నెండు వేలకు పైగా రోగులున్న ఆరు అధ్యయనాలను కలిపి చూస్తే, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ముప్పు తక్కువున్నవాళ్లకు, ఆపరేషన్ తర్వాత కేపెసిటబిన్ గోలీలతో కలిపి ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ ఆరు నెలలకు బదులు మూడు నెలలు ఇచ్చినా దాదాపు అంతే ఫలితం ఉంది. తిమ్మిరి బాగా తగ్గింది. నాకు ఎన్ని నెలలు అవసరమని మీ డాక్టరును అడగండి.

బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని కూడా అడగండి. ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు ముందే అడగండి. కణాల్లో డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ చెడిపోయిన గడ్డలు పురీషనాళంలో నూటికి ఐదు నుంచి పది ఉంటాయి. అట్లాంటి పన్నెండు మందికి న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇచ్చి చూసింది. కోత లేదు, రేడియేషన్ లేదు, అందరిలో గడ్డ కనిపించకుండా పోయిందని 2022లో ప్రకటించింది. ఆ మందు ధర మనలాంటివాళ్లకు అందేది కాదు, నిజమే. అయినా పరీక్ష చేస్తే కుటుంబంలో మిగతావాళ్లకు ముప్పు ఉందో లేదో కూడా ఆచూకీ దొరుకుతుంది.

2025లో వచ్చిన మరో ఫలితానికైతే మందు కూడా అక్కర్లేదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిలో సగం మందితో మూడేళ్లపాటు క్రమం తప్పకుండా వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వాళ్లలో నూటికి 90 మంది బతికి ఉన్నారు, మిగతా సగంలో 83 మంది. ఎక్కువ మంది చేసిందల్లా వేగంగా నడవడం. మన ఇళ్లలో మాత్రం కీమో అయిన మనిషిని మంచం దిగనివ్వరు.

ఇక ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి దాని కింద చికిత్స ఖర్చు పరిమితి పది లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో 1955 నుంచీ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అంటే జబ్బు ఫలానా అని తేలినవాడికి దారి ఉంది. తేలడానికే దారి లేదు. ప్రభుత్వం ఊళ్లలో ముప్పై దాటినవాళ్లకు చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటికే. అందరికీ కొలనోస్కోపీ చేయమని నేను అడగను, మన లెక్కలకు అది అవసరం లేదు. రక్తం పడుతోందని వచ్చిన ప్రతి మనిషికీ పీహెచ్‌సీలో తెర కట్టి వేలి పరీక్ష చేయాలి. అనుమానం ఉంటే చీటీ మీద తేదీ వేసి, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులకో బీబీనగర్ ఎయిమ్స్‌కో పంపాలి. ఏ రోజు పోవాలో, ఏ గదిలో కలవాలో ఆ చీటీలోనే ఉండాలి. రోగి మొదటిసారి వచ్చిన రోజు నుంచి బయాప్సీ రిపోర్టు చేతికందే దాకా ఎన్ని రోజులు పట్టిందో జిల్లా వైద్యాధికారి నెలనెలా లెక్క తీసి బయట పెట్టాలి.