మైల వేరు, మురికి వేరు

ఈమధ్య కూచిపూడికి దగ్గర్లోని ఒక ఊళ్ళో, హైస్కూలు ఆడపిల్లలకి వ్యక్తిగత శుభ్రత మీద ప్రసంగం అని చెప్పి, ఒక ప్రవచనకారుడి చేత గంటసేపు మైల గురించి చెప్పించారు. నెలసరి రోజుల్లో ఆడపిల్ల ఒంట్లోంచి వేడి, విషం బయటికొస్తాయట. ఆ చేత్తో తాకితే తులసి మాడిపోతుందట, ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందట. అందుకే పూర్వులు దూరంగా కూర్చోమన్నారట. ‘ఇదంతా సైన్సు తల్లీ, మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు’ అని ముగించాడాయన. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు తలలు దించుకుని విన్నారు. వెనక కూర్చున్న టీచర్లు తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఈ ఆచారం ఎక్కడ పుట్టింది, ఏ స్మృతి ఏమంది అన్న చర్చలోకి నేను పోను. ఇంద్రుడి బ్రహ్మహత్యా పాపంలో నాలుగో వంతు ముట్టుగా ఆడదాని నెత్తిన పడిందన్న కథ అందరూ విన్నదే. వినాయక చవితి మర్నాడు ఋషిపంచమి నోము ఏ పాపం పోవాలని నోస్తారో పెద్ద ముత్తైదువులకి తెలుసు. నిన్నటిదాకా పాపం అన్నవాళ్ళే ఇవాళ సైన్సు అంటున్నారు. పాపమంటే పిల్లలు పూర్వంలా బెదరడం లేదు, అందుకని మాట మార్చారు. దూరంగా వేసిన చాప మాత్రం తీయలేదు.

సైన్సు అన్నారు గనక సైన్సే చూద్దాం. నెలనెలా గర్భాశయం లోపలి పొర బిడ్డ కోసం దళసరిగా తయారవుతుంది. గర్భం రానప్పుడు ఆ పొర ఊడి, కొంత రక్తంతోనూ జిగురుతోనూ కలిసి బయటికొస్తుంది. ఒక నెలలో పోయే రక్తం మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 దాటితే డాక్టరుకి చూపించుకోవాలి. మోకాలు చెక్కుకుపోతే కారే రక్తం ఎంత విషమో ఇదీ అంతే విషం. ఒంట్లో పేరుకున్న ‘చెడు రక్తం’ పోతోందనేది ఉత్త మాట. మొదటి ఒకటి రెండేళ్ళు తేదీలు తప్పుతాయి, ఒక నెల 21 రోజులకీ ఇంకో నెల 45 రోజులకీ రావచ్చు, దానికి గాలీ ధూళీ కారణం కాదు. తలకి పోసుకుంటే రక్తం ఆగిపోదు, తలకెక్కదు. వేడినీళ్ళ స్నానం నొప్పి తగ్గిస్తుంది. స్నానం ఎప్పుడైనా అవసరమే అనుకుంటే, ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ అవసరం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఆచారం స్నానం వద్దంటుంది.

తులసి మాడిపోవడం మన పూర్వులు మాత్రమే కనిపెట్టిన సంగతీ కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోము నగరంలో ప్లినీ అనే పండితుడు ఇదే రాశాడు, ముట్టయిన ఆడది దగ్గరికొస్తే కొత్త ద్రాక్షసారా పులిసిపోతుందని, పైరు ఎండిపోతుందని. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పిల్లల డాక్టరు, తన పనిమనిషి చేతిలో పువ్వులు త్వరగా వాడిపోయాయని చూసి, ముట్టు రక్తంలో ఒక విషం ఉందని ప్రకటించాడు. డిఫ్తీరియా పరీక్షకి పేరుపడిన మంచి వైద్యుడే ఆయన. ఆయన మాట పట్టుకుని ఏళ్ళ తరబడి ఆ విషం కోసం వెతికారు. అలాంటి విషమేదీ ఉందని తేలలేదు. ఇప్పుడు ఏ వైద్య పుస్తకంలోనూ దానికి చోటు లేదు. సైన్సుకీ ఆచారానికీ ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. పెద్ద డాక్టరు చెప్పిన మాటైనా పరీక్షకి నిలవకపోతే సైన్సు వదిలేసింది. మనం మాత్రం పరీక్షించకుండానే పట్టుకుని వేలాడుతున్నాం.

ఆవకాయ మాటకొస్తే, బూజు పట్టడానికి తడి కావాలి. ముక్కలు సరిగ్గా తుడవకపోయినా, ఉప్పు తగ్గినా, నూనె పైకి తేలకపోయినా, తడి గరిటె పెట్టినా పచ్చడి పాడవుతుంది. పచ్చళ్ళ తయారీలో రోజుకూలీకి ఎంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారో విజయవాడ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. వాళ్ళని తేదీలు అడిగి పనిలోకి తీసుకునేవాళ్ళెవరూ లేరు. వాళ్ళు కలిపిన పచ్చడి ఏడాది పొడుగునా అమెరికాకి కూడా పోతోంది. ప్రవచనకారుడి ఇంట్లోనూ తింటున్నారు.

‘విశ్రాంతి కోసం పెట్టారమ్మా’ అనే మాట ఒకటుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఊడుపులు గుర్తొస్తాయి. జూలైలో, ఆగస్టులో కాలవలకి నీళ్ళొదిలాక మా వైపు పొలాల్లో ఆడకూలీలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పిక్కల లోతు బురదలో వంగి నాట్లు వేస్తారు. గట్టు మీద చాటు ఉండదు. గుడ్డ మార్చుకోవడానికి తుమ్మచెట్టు వెనక్కి పోవాలి, అక్కడా మగవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆ తల్లులకి ఏ పూర్వులూ మూడు రోజుల విశ్రాంతి ఇవ్వలేదు. ఒక్క పూట కూలి కూడా వదలలేదు. వాళ్ళ చేత్తో నాటిన మొక్క మాడిపోలేదు, ఆ ధాన్యమే వండి నైవేద్యం పెట్టారు. విశ్రాంతే ఇవ్వదలుచుకుంటే మంచం ఇస్తారు, పరుపు వేస్తారు, వేడిగా అన్నం వడ్డిస్తారు. చాప, విడి కంచం, విడి చెంబు ఇచ్చి, పెరటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, దూరం నుంచి అన్నం పడెయ్యరు.

మా పెద్దమ్మ కూతురు పెద్దమనిషి అయినప్పుడు నేను చిన్నపిల్లని. వసారా చివర, కట్టెలు పేర్చిన మూలలో తాటాకు చాప వేసి కూర్చోబెట్టారు. పక్కన ఒక ఇనుప ముక్క పెట్టారు, గాలి సోకకుండా. ఉప్పూ కారం లేని తిండి, చిమ్మిలి ఉండలు. స్నానం లేదు. వానాకాలం. ఆ మూలలో దోమలు. నేను ఆడుకుందాం రమ్మని చెయ్యి పట్టుకుంటే అమ్మమ్మ కేకేసింది, ‘దాన్ని అంటుకోకే, నీకూ మైల!’ అని. అక్క చెయ్యి లాక్కుంది. నాకేమీ అర్థం కాలేదు గానీ, అక్క చెయ్యి లాక్కున్న తీరు చూసి ఆమె ఏదో తప్పు చేసిందనే అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుందని పెళ్ళయిన చాలా ఏళ్ళకి చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది. గుడ్డలు ఉతుక్కుని ఆరేసుకోవడానికి చోటు చూపించలేదట ఎవరూ. పాత లంగా కింద దాచి ఆరేసుకునేది. మా డెల్టాలో ముసురు పడితే బయట వేసిన చొక్కా రెండు రోజులకి ఆరదు. దాచిన గుడ్డ ఏం ఆరుతుంది? ఆ తడి గుడ్డే మళ్ళీ పెట్టుకునేది. తొడలు ఒరుసుకుపోయి, దురదలు పుట్టి, నడవలేక నడిచేది. అమ్మకి కూడా చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదనేగా ఆమెకి నేర్పింది.

నా కోపమంతా ఇక్కడే. శుభ్రత పేరు చెప్పి పెట్టిన నియమాల్లో ఒక్కటి చూపించండి, పిల్లని శుభ్రంగా ఉంచేది. స్నానం చెయ్యనివ్వరు. నుయ్యి ముట్టనివ్వరు, కుళాయి తిప్పనివ్వరు. గుడ్డ ఎండలో వెయ్యనివ్వరు. అడగనివ్వరు. మైల అనేది సబ్బుతో పోదు, తిథి ప్రకారం పోతుంది. నాలుగో రోజు పొద్దున తలమీద నీళ్ళు పడితే పోతుంది, అప్పటికి ఇంకా రక్తం పోతున్నా సరే. మురికి అలా కాదు, నీళ్ళూ సబ్బూ ఎండా కావాలి దానికి. గుడ్డ వాడితే తప్పు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మంది గుడ్డ వాడుతున్నామనే చెప్పారు. మెత్తటి నూలు గుడ్డని సబ్బుతో ఉతికి, నలుగురూ చూసేచోటైనా సరే, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ప్యాడ్ అయితే నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి, తడవకపోయినా. బయటి భాగం నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపల కడగకూడదు, సబ్బు, డెటాల్ అసలు వాడకూడదు. అక్కడ మేలుచేసే సూక్ష్మజీవులు పుల్లటి ఆమ్లాన్ని తయారుచేసి తమంతట తామే కాపలా కాస్తాయి. వాటిని కడిగేస్తే జబ్బు లోపలికొస్తుంది. ఈ సంగతి ‘ఇంటిమేట్ వాష్’ అమ్మే కంపెనీలకి బాగా తెలుసు, అయినా అమ్ముతున్నాయి. ఆచారం పెట్టిన సిగ్గునే సీసాలో పోసి పిల్లల చేత కొనిపిస్తున్నారు.

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నాయని భయపెడతారు. పెద్దమనిషి కాబోయే ముందూ, అయిన తర్వాతా పల్చటి తెల్లటి జిగురు రావడం ఆరోగ్యమే. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు రావడం ఉంటే మందు వాడాలి. ఎముకకీ దానికీ ఏ సంబంధం లేదు.

ఈ దూరం పెట్టడం పిల్లల ప్రాణాలు కూడా తీసింది. 2018 నవంబరులో గజ తుపాను వచ్చినప్పుడు తమిళనాడులో పట్టుక్కోట్టై దగ్గర ఒక ఊళ్ళో, అప్పుడే పెద్దమనిషి అయిన పిల్లని ఇంటికి దూరంగా గుడిసెలో ఉంచారు. కొబ్బరిచెట్టు గుడిసె మీద పడి ఆ పిల్ల చచ్చిపోయింది. తుపాను వస్తోందని ముందే తెలుసు. తుపానులు మనకీ తెలుసు, 1977 నవంబరులో దివిసీమ శవాల దిబ్బ అయింది. తెలిసి తెలిసీ ఆడబిడ్డని గుడిసెలో వదలగలిగారంటే, ఆ తల్లిదండ్రులు రాక్షసులని కాదు. మైల భయం తుపాను భయం కన్నా లోతుగా దిగిందని. 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని భుజ్‌లో ఒక కాలేజీ హాస్టల్లో 68 మంది అమ్మాయిల్ని వరసగా బాత్‌రూములోకి తీసుకెళ్ళి, లోదుస్తులు విప్పించి, ఎవరు ముట్టయ్యారో పరీక్షించారు. చదువుకున్న ఆడవాళ్ళే ఆ పని చేశారు. శుభ్రత కోసమేనన్నమాట ఇదంతా! ఆ పిల్లలు ఆ బాత్‌రూములోంచి ఎలా బయటికొచ్చి ఉంటారో తల్చుకుంటే నాకు కన్నీళ్ళాగవు.

మా జిల్లాలో గుడిసెలు పోయాయి, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. పెద్దమనిషి అయిందని రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కడుతున్నారు, నాయకుల బొమ్మలతో సహా. డ్రోన్ కెమెరాతో వీడియో తీయిస్తున్నారు. ఊరంతటికీ చాటిన ఆ సంగతి గురించి ఆ పిల్లకి మాత్రం ఒక్క ముక్క చెప్పరు. లక్షలు ఖర్చుపెట్టి భోజనాలు పెట్టినవాళ్ళే ప్యాడ్ల పొట్లాన్ని న్యూస్ పేపర్లో చుట్టించి తెచ్చుకుంటారు. ఇక మొదటి రోజు కట్టుకున్న బట్టలు చాకలామెకి ఇవ్వడం. మైల ఒక కులం ఇంట్లోంచి ఇంకో కులం చేతుల్లోకి పోతుంది, ఆ చేతులకి అంటితే ఎవరికీ పట్టదు. ఆడపిల్ల మైలా, కులం మైలా వేరువేరు అనుకునేవాళ్ళు ఈ మూటని ఒకసారి చూడాలి.

కూచిపూడి ఊరిది ఇంకో కథ. సత్యభామ అలకనీ సిగ్గునీ విరహాన్నీ తరతరాలుగా మగవాళ్ళే ఆడిన ఊరు అది. ఆ ఊరి మగపిల్లవాడు ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి పేరు మీద నియమం చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకేసుకుని వస్తే నిజంగా ఆడదే వచ్చిందనుకునేవారు. ఆడదాని ప్రతి భావాన్నీ అంతగా చదువుకున్న సంప్రదాయం, ఆడదాన్ని మాత్రం చాలా కాలం మేళంలోకి రానివ్వలేదు. ఇప్పుడు దేశదేశాల్లో ఈ నాట్యం ఆడపిల్లల కాళ్ళ మీదే బతుకుతోంది. నెలసరి రోజుల్లో గజ్జె ముట్టుకోకూడదని వాళ్ళకి చెప్పే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నొప్పి భరించలేకపోతే మానెయ్యమనడం దయ. నీ కాలికి కడితే గజ్జె మైలపడుతుందనడం అవమానం. పైగా ఒళ్ళు కదిపితే చాలామందికి నొప్పి తగ్గుతుంది.

ఈ మాటలు మాట్లాడే తెగువ మా ప్రాంతానికి కొత్త కాదు. కూచిపూడి నుంచి విజయవాడ వెళ్ళే దారిలో ఉయ్యూరు పక్కనే ముదునూరు. 1940లో గోరా, సరస్వతి గార్లు నాస్తిక కేంద్రం పెట్టింది అక్కడే, 1947లో విజయవాడ పటమటకి మారింది. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డ అవకరంగా పుడుతుందని ఊరంతా తలుపులేసుకున్న కాలంలో సరస్వతి గారు కడుపుతో ఉండి బయటికొచ్చి చూశారు. బిడ్డకేమీ కాలేదు. వాళ్ళ కొడుకు డాక్టర్ సమరం గారు వారపత్రికల్లో దశాబ్దాల పాటు కుర్రాళ్ళ ఉత్తరాలకి జవాబులు రాశారు. నిద్రలో వీర్యం పోతోంది, బలం పోతోంది, చచ్చిపోతానా అని మన కుర్రాళ్ళ భయం. ఈ భయాన్ని 1960లో నరేంద్రనాథ్ విగ్ అనే మానసిక వైద్యుడు ‘ధాతు’ జబ్బుగా గుర్తించాడు. పోయేది బలం కాదు, భయంతో పోయేది నిద్ర, చదువు. లాడ్జీల్లో దిగే నరాల డాక్టర్లకి ఆ భయమే పెట్టుబడి. మగపిల్లలకీ నోరు విప్పి చెప్పేవాళ్ళు లేరు. చంకల్లో చెమట వాసన ఎందుకొస్తుందో, మొటిమలు మురికి వల్ల రావని, పదేపదే రుద్ది కడిగితే ఇంకా పెరుగుతాయని కూడా ఎవరూ చెప్పరు.

2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మంచి పని. అయితే ఆరో తరగతిలోనే పెద్దమనిషి అయ్యే పిల్లలున్నారు. కౌమార దశ పాఠం పై తరగతుల్లో గానీ రాదు, వచ్చినా ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేసే టీచర్లున్నారు. ఆ పాఠం ఆరో తరగతికి రావాలి. మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఊళ్ళో పనిచేసే ఏఎన్‌ఎం నర్సు చేత చెప్పించాలి. బడి మరుగుదొడ్డికి లోపలి గడియ, కుళాయిలో నీళ్ళు, మూతున్న చెత్తబుట్ట, ఆ బుట్ట ఎత్తే మనిషికి చేతి తొడుగులు, నెలనెలా సరిగ్గా జీతం. వీటి లెక్క ప్రతి స్కూలు కమిటీ సమావేశంలో తల్లులు అడగాలి, అందరి ముందూ, గొంతు తగ్గించకుండా.