ఇంట్లోనే చిత్రపు పలక

బొమ్మలు వేసే సరదా ఉండి, పలక కొనలేక ఊరుకున్నవారు నిర్మల్ నకాషీల పని చూడాలి. చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి కర్రబొమ్మల అతుకులు పూడ్చుతారు. దానినే లప్పం అంటారు. 2016లో ఆదిలాబాదునుండి విడివడి జిల్లా అయిన ఆ ఊళ్లోనూ తేలికైన పొనికి కర్ర ఇప్పుడు అరుదే. మనకు బాగా ఆరిన పాత చెక్క ఏదైనా చాలును.

గింజలు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానవేసి, మెత్తగా రుబ్బి ఉడకబెట్టండి. కొంత బంకతో పగుళ్లకు లప్పం పెట్టి, మిగతాదానిలో సుద్దపొడి కలిపి పలుచగా పూయండి. వెనుకవైపు కూడా పూయాలి సుమండీ, లేకుంటే పలక వంగిపోతుంది! ఒక పూత ఆరనిదే రెండవది వేస్తే పగుళ్లే. ఆరిన తరువాత గరుకుకాగితంతో రుద్దండి. ఉత్తరపు కిటికీ ఉన్న గది దొరికితే వెలుతురు నిలకడగా ఉంటుంది. మిగిలిన బంక దాచకండి, పులిసిపోతుంది.