రెండవ నెల పస్కా – జబ్బుపడిన బిడ్డకు రెండవ పరీక్ష



మార్చి నెల వచ్చిందంటే మన మందిరాల్లో ఒక ఆదివారం పిల్లలదే. పదో తరగతి రాసే బిడ్డలు హాల్‌టికెట్లు, పెన్నులు తెచ్చి బల్లమీద పెడతారు. సంఘమంతా లేచి ప్రార్థిస్తుంది. ఫలితాలు వచ్చాక పాసైన పిల్లలు సాక్ష్యం చెబుతారు. ఆ ఆదివారం ఒకరిద్దరు మందిరంలో కనబడరు. వాళ్ళందరూ చదవక తప్పినవాళ్ళు కారు. లెక్కల పరీక్షనాడు టైఫాయిడ్‌తో సెలైన్ ఎక్కించుకుంటూ మంచంమీద ఉన్న బిడ్డ కూడా వాళ్ళలో ఉండవచ్చు. అలాంటి బిడ్డకు మళ్ళీ పరీక్ష పెట్టడం న్యాయమా, లేక మిగతా పిల్లలకు అన్యాయమా? విశ్వాసుల మధ్య కూడా రెండు మాటలూ వింటున్నాం. వాక్యం ఏమంటుందో చూద్దాం.

సంఖ్యాకాండము 9వ అధ్యాయం తీయండి. మొదటి నెల 14వ దినం సాయంకాలం ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యంలో పస్కా ఆచరించాలి. ఆ తేదీ పెట్టింది దేవుడే. అయితే కొందరు శవాన్ని ముట్టినందువల్ల అపవిత్రులై ఆ రోజు పాల్గొనలేకపోయారు. చనిపోయినవాళ్ళను ఎవరో ఒకరు మోయాలి కదా, అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు ఆ రోజే మోషే, అహరోనుల దగ్గరికి వచ్చి, మమ్మల్ని ఎందుకు ఆపుతున్నారని అడిగారు. నియమం నియమమేనని మోషే వాళ్ళను తిప్పి పంపలేదు. ఆగమని చెప్పి దేవుని దగ్గర విచారించాడు. వాళ్ళు రెండవ నెల 14వ దినాన పస్కా ఆచరించవచ్చని దేవుడు సెలవిచ్చాడు.

ఈ జవాబులో మూడు సంగతులున్నాయి. మొదటిది, ఇది ఆ నలుగురి కోసం చేసిన దయ మాత్రమే కాదు. తరతరాలకూ నిలిచే కట్టడగా, దూర ప్రయాణంలో ఉన్నవారికి కూడా వర్తించేలా దేవుడు దీన్ని నియమించాడు. రెండవది, పండుగ తేదీ మారింది గాని పండుగ తేలిక కాలేదు. అవే పొంగని రొట్టెలు, అవే చేదు కూరలు, అదే విధి. మూడవది, ఏ అడ్డూ లేకుండా ఊరికే మానేసినవాడికి ఈ అవకాశం లేదు, శిక్షే ఉంది.

బడిలో కూడా న్యాయం ఈ మూడింటిమీదే నిలుస్తుందని మేము నమ్ముతున్నాం. జబ్బుపడిన బిడ్డకు రెండవ తేదీ ఇవ్వాలి. అది హెడ్మాస్టరుగారి మంచితనం మీద ఆధారపడకుండా నియమంగా ఉండాలి. ప్రశ్నపత్రం వేరుగా ఉండాలి, కానీ బరువు అంతే ఉండాలి. కారణం నిజమైనదై ఉండాలి.

ఎక్కువ రోజులు చదువుకునే వీలు దొరుకుతుంది కదా అని కొందరు అడుగుతారు. టైఫాయిడ్ వచ్చిన బిడ్డను దగ్గరుండి చూసినవారు ఆ మాట అనరు. ఆ రోజులు చదువుకునేవి కావు, కోలుకునేవి. దొంగ సర్టిఫికెట్లు తెస్తారనే మాటకు మాత్రం మనం తలవంచి జవాబు చెప్పాలి, ఎందుకంటే అది జరుగుతోంది. విశ్వాసులారా, చదవని బిడ్డ కోసం జబ్బు కాగితం రాయించే తల్లిదండ్రులు నిజంగా జబ్బుపడిన బిడ్డ దగ్గర దొంగిలిస్తున్నారు. ఆ ఒక్క అబద్ధం వల్ల తర్వాత వచ్చే పది నిజాలను బడి నమ్మదు.

ఇక పబ్లిక్ పరీక్షల సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సప్లిమెంటరీ పరీక్షలున్నాయి, బిడ్డకు ఏడాది పోకుండా అదే వేసవిలో రాసుకోవచ్చు. ఇందుకు దేవునికి స్తోత్రం. అయితే ఒక తలుపు మాత్రం మూసే ఉంది. పల్లె పిల్లల కోసమే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు మీకు తెలుసు. పదో తరగతి మార్కులతోనే అక్కడ సీటిస్తారు, కానీ మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలన్నది నిబంధన. జ్వరంతో ఒక్క పరీక్షకు వెళ్ళలేని బిడ్డ సప్లిమెంటరీలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, అది మొదటి ప్రయత్నం లెక్కలోకి రాదు. ఆ ట్రిపుల్ ఐటీలే ప్రభుత్వ బడి పిల్లల వెనుకబాటును గుర్తించి వారికి కొంత కలిపి లెక్కిస్తాయి. అందరి పరిస్థితీ ఒకటి కాదని అంత చక్కగా ఎరిగినవారు జబ్బును కూడా ఎరగాలి. సీట్ల భర్తీకి గడువుంటుంది, నిజమే. అయినా ప్రభుత్వ వైద్యుని కాగితం ఉన్న కొద్దిమంది కోసం సప్లిమెంటరీ ఫలితాల వరకు కొన్ని సీట్లు ఆపడం అసాధ్యం కాదు.

సీబీఎస్ఈ వారు 2026 నుండి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు తెచ్చారు. ఇది మంచిదే. కానీ మొదటి పరీక్షలో మూడు లేదా అంతకంటే ఎక్కువ సబ్జెక్టులు రాయనివారిని రెండవదానికి రానివ్వరు. జ్వరానికి సబ్జెక్టులు లెక్కపెట్టడం తెలియదు కదా! 2020, 2021లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్షలే రద్దుచేసి అందరినీ పాస్ చేశారు. అందరికీ ఆపద వస్తే నియమం వంగింది. ఒక్క కూలివాని బిడ్డకు ఆపద వస్తే అది ఎందుకు వంగదు? కొద్దిమంది అడిగితే వచ్చిన ఆ రెండవ నెల పస్కాయే, తరువాత హిజ్కియా రాజు దినాల్లో జనమంతటికీ ఆధారమైంది. రెండవ దినవృత్తాంతములు 30వ అధ్యాయం చదవండి.

ప్రియులారా, సంఘంగా మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. బిడ్డకు జ్వరం రాగానే ప్రార్థించండి, ఆ వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టుకుంటే రేపు బడిలో చూపించడానికి కాగితం ఉండదు. ఓపీ చీటీ భద్రం చేయండి. పరీక్ష తప్పిన బిడ్డతో ప్రార్థన చాలలేదనో, ఇంట్లో ఏదో పాపం ఉందనో అనకండి. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు ఎవరు పాపం చేశారని అడిగితే ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. సప్లిమెంటరీలో పాసైన బిడ్డ చేత కూడా మందిరంలో సాక్ష్యం చెప్పించండి, చప్పట్లు తగ్గించకండి.

మరొక మాట. అరణ్యంలో ఆ మనుష్యులు తమ నోటితో తామే మోషేను అడగగలిగారు. మన బిడ్డలు అడగలేరు. పొద్దున్నే పనికి వెళ్ళే తల్లి హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళి మాట్లాడడానికి జంకుతుంది. ఆమెతో పాటు ఒక సంఘపెద్ద వెళ్ళాలి. గొడవపడటానికి కాదు, మర్యాదగా అడగటానికి. అడిగితే మోషే ఆగాడు, దేవుడు దారి చూపించాడు.

పరీక్షలకు సిద్ధపడుతున్న బిడ్డలకు ప్రభువు ఆరోగ్యాన్నీ జ్ఞాపకశక్తినీ, వారిని దిద్దే ఉపాధ్యాయులకు న్యాయమైన హృదయాన్నీ అనుగ్రహించును గాక. ఆమేన్.