కిమ్ నుంచి వచ్చిన ఉత్తరం

గుజరాత్‌లో సూరత్‌కు ఉత్తరాన, ముంబయి–వడోదర రైలు మార్గం మీద కిమ్ అనే ఊరున్నది. తెలంగాణ నుంచి నేతపని వెదుక్కుంటూ సూరత్ ప్రాంతానికి తరలివెళ్ళిన కుటుంబాలు ఎన్నో. అటువంటి ఇంటి యువకుడొకరు కిమ్ నుంచి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. పగలు మరమగ్గాల షెడ్డులో పని, రాత్రి పాత లాప్‌టాప్ మీద పైథాన్ ప్రోగ్రామింగ్ అభ్యాసం. పదకొండు దాటేసరికి కళ్ళు మండుతున్నాయట, మణికట్టు లాగుతున్నదట. మిత్రుడొకడు తన టెక్స్ట్ ఎడిటర్ అమరికలన్నింటినీ, ముప్ఫయి అదనపు ఉపకరణాలతో సహా, ఈయన యంత్రంలో నింపి వెళ్ళాడు. నాటి నుంచి మీట నొక్కిన తరువాత అక్షరం తెర మీదికి రావడానికే ఆలస్యమవుతున్నది. “ఈ విద్య నాకు రాదేమో” అని ఉత్తరం ముగించారు.

అయ్యా, విద్య రాకపోవడం కాదు. మీ చేతిలో ఉన్నది మరొకరి చేతికి అమరిన పనిముట్టు. గుంట మగ్గం మీ పెద్దలకు తెలిసినదే. నేసేవాని కాళ్ళు అందేటట్లు గుంట తవ్వుకుంటారే గాని పొరుగువాని గుంట కొలత తెచ్చుకోరు గదా!

మీ మిత్రుడు విమ్ పద్ధతి మీటలు కూడా అమర్చి ఇచ్చాడని వ్రాశారు. అందులో కర్సర్‌ను కదపడానికి హెచ్, జె, కె, ఎల్ అక్షరాలు నొక్కాలి. ఇందులో శాస్త్ర రహస్యమేమీ లేదు. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ ‘వి ఐ’ అనే ఎడిటర్‌ను వ్రాసినప్పుడు ఆయన ముందున్న టెర్మినల్ ఏడీఎం-3ఏ. దాని మీద బాణపు గుర్తులు ఆ నాలుగు మీటల మీదనే ముద్రించి ఉండేవి. మాటిమాటికీ నొక్కవలసిన ఎస్కేప్ మీట, నేడు ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి దగ్గరగా ఉండేది. ఆయన ఇంటి నుంచి పనిచేసిన టెలిఫోన్ లైను సెకనుకు సుమారు 30 అక్షరాలు మాత్రమే పంపగలిగేది. అందుకే ఆజ్ఞలన్నీ ఒకటి రెండు అక్షరాలతో ముగుస్తాయి. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ ఆ సంప్రదాయాన్నే కొనసాగించింది. కీబోర్డులు మారి ఎస్కేప్ మీట పైమూలకు పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. దానిని అందుకోవడానికి రాత్రికి వందసార్లు చేయి సాచితే మణికట్టు లాగదా? విమ్ వాడేవారిలో చాలామంది క్యాప్స్ లాక్ మీటనే ఎస్కేప్‌గా మార్చుకుంటారు. మీరూ మార్చుకోండి, లేదా ఆ పద్ధతినే కొంతకాలం మానండి. మామూలు బాణపు మీటలతో పనిచేయడం నామోషీ కాదు.

వరుసకు 80 అక్షరాలు మించరాదనే నియమం మిమ్మల్ని విసిగిస్తున్నదన్నారు. దాని వంశవృక్షం మీ షెడ్డు దాకా వస్తుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ తన మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించి పట్టు మీద పూలు నేయించాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టల మీదనే లెక్కించాడు. 1928లో ఐ.బి.ఎం. సంస్థ తన అట్టకు 80 నిలువు వరుసలు ఏర్పరచింది. తరువాతి తెరలలో అనేకం ఆ కొలతనే తీసుకున్నాయి. అయితే ఈ పాత కొలత కంటికి మేలే చేస్తుంది. మరీ పొడవైన వరుసలో చూపు తరువాతి వరుసను పట్టుకోలేక తడబడుతుంది. దీనిని ఉంచుకోండి.

ఇక మీ యంత్రం సంగతి. అదనపు ఉపకరణాలన్నీ తీసివేసి, పైథాన్‌కు సంబంధించినది ఒక్కటి మిగల్చండి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ, ఒకటి అంకెకూ చిన్న ‘ఎల్’కూ తేడా స్పష్టంగా కనిపించే ఫాంటును ఎంచి, పరిమాణం పెంచండి. నల్లని తెర ఫ్యాషనే గాని అందరి కళ్ళకూ హాయి కాదు. కొందరికి నల్లని నేల మీద తెల్లని అక్షరాలు అలికినట్లుంటాయి. దీపం ఆర్పిన గదిలో మాత్రం కూర్చోకండి. ట్యాబ్ మీట నొక్కితే నాలుగు ఖాళీలు పడేటట్లు అమర్చుకోండి. ట్యాబులూ ఖాళీలూ కలగలిసిన ప్రోగ్రామును పైథాన్ 3 తిరస్కరిస్తుంది, ఆ తప్పేమో కంటికి కనిపించదు! మీరు వాడే వి.ఎస్. కోడ్‌లో ‘ఆటో సేవ్’ మొదట ఆపివేసి ఉంటుంది, దానిని తెరవండి. రంగుల ఎంపిక మాత్రం చివరికి వాయిదా వేయండి. ఒక ఆదివారమంతా రంగులు మార్చుతూ కూర్చొని, ఒక్క వరుస ప్రోగ్రామూ వ్రాయని ఘనత ఈ రచయితకు ఉన్నది.

ప్రోగ్రాము మధ్యలో తెలుగులో వివరణలు వ్రాసుకుంటే అక్షరాలు చెదురుతున్నాయన్నది మీ చివరి ఫిర్యాదు. అది మీ తప్పు కాదు. ఈ ఎడిటర్లు ప్రతి అక్షరమూ సమాన వెడల్పు గలదనే ఊహ మీద పుట్టినవి. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో 18 బైట్లు. కాబట్టి నిలువు వరుసలు చక్కగా కుదరాలని పట్టుపట్టకండి. ఫాంటుల జాబితాలో ఇంగ్లీషు ఫాంటు తరువాత కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు పేరు చేర్చండి. వరుసల మధ్య ఎత్తును కొంచెం పెంచితే వత్తులు తెగిపోకుండా కనిపిస్తాయి. మీ వివరణలను తెలుగులోనే కొనసాగించండి. పగలంతా పనిచేసి వచ్చిన మనిషికి తాను నిన్న రాత్రి వ్రాసినది నేడు వెంటనే అర్థం కావాలి.